నాలుగేళ్ల పాప, ఏడేళ్ల బాబు కలిసి చేయగల హాలోవీన్ కాగితపు బొమ్మలు ఏవి?

నమస్కారం అండీ. మీ ప్రశ్న సారాంశం ఇది: మీరు బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంటులో ఉంటున్నారు, అక్టోబరు 31 సాయంత్రం పిల్లల కోసం హాలోవీన్ వేడుక జరుగుతోంది, ప్రతి ఇంటి వాకిలికీ పిల్లలు చేసిన అలంకరణ ఏదైనా ఉండాలన్నారు. మీ పాపకు నాలుగేళ్లు, బాబుకు ఏడేళ్లు. ఆఫీసు నుంచి వచ్చాక మీకు రోజుకు అరగంటకు మించి దొరకదు. ఇదివరకు వీడియోలు చూసి మొదలుపెట్టిన బొమ్మలన్నీ చివరికి మీరే పూర్తి చేయవలసి వచ్చింది. పైగా పండుగల రోజుల్లో ఇంట్లో దయ్యాల బొమ్మలు పెట్టడం మీ అత్తగారికి నచ్చడం లేదు. ఏ బొమ్మలు చేయించాలి, ఏ కాగితం కొనాలి, పిల్లల చేత ఎలా చేయించాలి అని అడిగారు.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. పట్టీల గుమ్మడికాయ, మడిచి కత్తిరించే గబ్బిలం, చేతులు పట్టుకుని నిలబడిన బొమ్మల తోరణం, ఈ మూడు చాలు. రెండు మూడు రంగుల చార్ట్ పేపర్లు, కొన్ని తెల్ల కాగితాలు, మొన తేలని పిల్లల కత్తెరలు రెండు, తెల్ల బంక సీసా ఒకటి ఉంటే అన్నీ పూర్తవుతాయి. దయ్యం లేకుండానే వాకిలి నిండుగా ఉంటుంది కనుక మీ అత్తగారితో వాదన పెట్టుకోవలసిన అవసరమే రాదు.

నేను బెంగళూరులో చిన్నపిల్లల బడిలో చేతిపనులు నేర్పుతాను, అపార్ట్‌మెంట్లలో ఇలాంటి వేడుకలకు పిల్లలను కూర్చోబెట్టి బొమ్మలు చేయిస్తుంటాను. బొమ్మ ఎందుకు పెద్దవాళ్ల చేతిలోకి వచ్చేస్తుందో గమనిస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే కనబడుతుంది. బొమ్మ అందాన్ని చూసి ఎంచుకుంటాం గానీ, దానికి ఏ చేతిపని కావాలో, ఆ పని పిల్లవాడి చేతికి వచ్చిందో లేదో చూడం. నాలుగేళ్ల పాప కత్తెరతో తిన్నని గీత వెంట కొంత దూరం కత్తిరించగలదు, కానీ గుండ్రంగా తిప్పడం ఆమెకు ఇంకా కష్టం. ఏడేళ్ల బాబు వంపులు కూడా కత్తిరిస్తాడు, స్కేలు పెట్టి గీత గీస్తాడు, అయితే చిన్న చిన్న ముక్కలు ఎక్కువగా ఉంటే విసుగు పడతాడు. ఒకే బొమ్మలో ఇద్దరికీ వారి వారి చేతికి తగిన పని ఉండేలా చూసుకుంటే మీకు సర్దడం తప్ప పెద్ద పని మిగలదు. అంతర్జాలంలో దొరికే అచ్చు బొమ్మలను ప్రింటు తీసి ఇవ్వవద్దని కూడా ఈ కారణంతోనే గట్టిగా చెబుతాను. వాటిలో గీత ఎవరో గీసేశారు, పిల్లలకు రంగు నింపడమే మిగులుతుంది, ఆ గీత వెంట కత్తిరించడం వారి వల్ల కాక మీ దగ్గరికే వస్తుంది.

కాగితం గురించి. చార్ట్ పేపర్ సాధారణంగా 56 సెంటీమీటర్ల వెడల్పు, 71 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. నారింజ రంగు ఒకటి, నలుపు ఒకటి, ఆకుపచ్చ చిన్న ముక్క ఉంటే సరిపోతుంది. మీ వీధిలోని స్టేషనరీ దుకాణంలోనే దొరుకుతాయి, వేడుకలో చాలామంది పిల్లలకు కలిపి కొనేటట్లయితే మాత్రం టోకు దుకాణాలుండే అవెన్యూ రోడ్డుకు వెళ్లడం మేలు. తోరణానికి మామూలు 80 జీఎస్ఎం తెల్ల కాగితం వాడండి. చార్ట్ పేపరును నాలుగు మడతలు వేస్తే పిల్లల కత్తెర దిగదు. క్రేప్ పేపర్ చూడటానికి బాగుంటుంది కానీ ఈ రుతువులో నేను దాన్ని దూరంగా ఉంచుతాను. అక్టోబరులో మనకు వానలు వదలవు, తడి తగిలితే దాని రంగు ఊడి పిల్లల చేతులకూ తలుపుకూ అంటుకుంటుంది, ఆ మరక గోడ మీద పడితే పోదు.

కాగితంలో గమనించవలసిన మరో సంగతి ఉంది. దానిలోని నార ఒక దిశలో నడుస్తుంది. కాగితాన్ని విరగనివ్వకుండా ఒకసారి పొడవు వైపు, ఒకసారి వెడల్పు వైపు మెల్లగా వంచి చూడండి. ఒక వైపు సులువుగా చుట్టుకుంటుంది, మరో వైపు మొరాయిస్తుంది. ఏ దిశలో సులువుగా చుట్టుకుంటుందో పట్టీ పొడవు ఆ దిశలోనే రావాలి. అప్పుడే గుమ్మడికాయ పట్టీ నునుపుగా వంగుతుంది. అడ్డదిశలో కత్తిరించిన పట్టీ మధ్యలో పుటుక్కున విరిగి, మడత గీత పడిపోతుంది. మీ బాబు చేత ఈ పరీక్ష చేయించండి. ఏడేళ్ల పిల్లలు దీన్ని చాలా ఇష్టంగా చేస్తారు, తరువాత ఏ కాగితం తీసుకున్నా ముందు వంచి చూస్తారు.

గుమ్మడికాయ. నారింజ చార్ట్ మీద 30 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు గల పట్టీలు ఆరు గీయాలి. గీతలు బాబువి, కత్తిరింపు ఇద్దరిదీ. తిన్నని గీతే కనుక పాప కూడా రెండు పట్టీలు కత్తిరించగలదు, అంచు కొంచెం వంకర పోయినా గుండ్రంగా వంచాక కనబడదు. ప్రతి పట్టీనీ సగానికి మడిచి, మధ్యలో చిన్న గుర్తు పడగానే విప్పేయండి. ఆ గుర్తుల దగ్గర ఒక్కో చుక్క బంక పెట్టుకుంటూ ఆరు పట్టీలనూ ఒకదానిపై ఒకటి, సూర్యకిరణాల్లా అన్ని దిక్కులకూ పరచి అంటించాలి. ఈ పని మొత్తం పాపకు వదిలేయండి. బంక సీసా ఆమె చేతికి ఇవ్వవద్దు. ఒక మూతలో కొంచెం బంక పోసి, చీపురుపుల్లతో అద్దుకోమనండి. సీసా నొక్కితే బంక కారుతుంది, బంక ఎక్కువైతే కాగితం ముడతలు పడుతుంది, ఆరడానికి చాలాసేపు పడుతుంది, ఆ లోపల పిల్లల ఓపిక అయిపోతుంది.

మధ్యభాగం ఆరాక పన్నెండు కొసలనూ ఒక్కొక్కటిగా పైకి ఎత్తి, పైన ఒకే చోట కలపాలి. పాప కొస ఎత్తి అందిస్తుంది, బాబు అంటించి వేలితో నొక్కి పట్టుకుంటాడు. ఎదురెదురు కొసలను జతగా తీసుకుంటే కాయ ఒక పక్కకు ఒరిగిపోదు. అన్నీ అంటించాక పైన బట్టల క్లిప్పు ఒకటి పెట్టి పక్కన ఉంచండి. కాయ సుమారు 9 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది, పైనుంచి అరచేతితో కొద్దిగా అదిమితే అసలు గుమ్మడికాయ ఆకారం తిరుగుతుంది. నడుము దగ్గర పట్టీల మధ్య సందు చాలా సన్నగా ఉంటుంది కనుక కళ్లు, నోరు అంటించడానికి ఇబ్బంది ఉండదు. ఆకుపచ్చ పట్టీ ముక్కను పెన్సిలుకు చుట్టి తొడిమగా పెట్టండి. సన్నని ఆకుపచ్చ పట్టీని గట్టిగా చుట్టి వదిలితే తీగ నులి వస్తుంది.

కళ్లకు మీ ఇంట్లోని నల్లని బొట్టుబిళ్లలు వాడండి. గుండ్రంగా కత్తిరించవలసిన పని తప్పుతుంది, బంక అక్కరలేదు, పాప తానే వేలితో తీసి అంటిస్తుంది. దుకాణాల్లో అమ్మే కదిలే ప్లాస్టిక్ కళ్లు ఆకర్షణీయంగా ఉంటాయి గానీ, వేడుకకు వచ్చే మూడేళ్ల లోపు పిల్లలు వాటిని పీకి నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది.

గబ్బిలం. ఇది బాబు బొమ్మ. నల్ల చార్టు ముక్కను సగానికి మడిచి, మడత వైపు శరీరం, తెరిచి ఉన్న వైపు రెక్క వచ్చేలా సగం గబ్బిలం గీయాలి. తల మీద చెవి ఒకటి, రెక్క కింద అంచున మూడు వంపులు ఉంటే చాలు. నలుపు మీద పెన్సిలు కనబడదు కనుక చాక్‌పీసుతో గీయించండి, తరువాత తుడిస్తే పోతుంది. కత్తిరించి విప్పగానే రెండు వైపులా ఒకేలా ఉన్న గబ్బిలం కనబడినప్పుడు పిల్లల ముఖం చూడాలి. రెక్కలను విసనకర్రలా రెండు మూడు ముడతలు వేసి దారం కడితే ఫ్యాను గాలికి ఎగిరినట్లు ఊగుతుంది. పాపకు దీనిలో తెల్ల కాగితపు చిన్న పళ్లు, కళ్లు అంటించే పని ఇవ్వండి. మన ఊళ్లో సాయంత్రం పూట మర్రి, రావి చెట్ల మీదికి పండ్ల కోసం వచ్చే పెద్ద గబ్బిలాలను బాల్కనీలోంచి చూపిస్తే అవి దయ్యాలకు చుట్టాలు కావనీ, పండ్లు తిని గింజలు చల్లే ప్రాణులనీ వారికి అర్థమవుతుంది.

వంపు కత్తిరించేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. తిరగవలసింది కత్తెర కాదు, కాగితం. కత్తెర పట్టిన చేయి ఒంటికి దగ్గరగా, బొటనవేలు పైకి ఉండేలా కదలకుండా నిలవాలి. రెండో చేయి కాగితాన్ని నెమ్మదిగా తిప్పుతూ కత్తెరలోకి అందించాలి. మోచేయి గాలిలోకి లేచిందంటే పిల్లవాడు కత్తెరనే తిప్పడానికి ప్రయత్నిస్తున్నాడని అర్థం. అప్పుడు నోటితో చెప్పడం కంటే, వెనుక కూర్చుని కాగితం పట్టిన చేతిని మెల్లగా తిప్పి చూపించడం త్వరగా పని చేస్తుంది. పాపకు వంపులు వద్దు. ఆమెకు 2 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు ఇచ్చి, ఒక్క నొక్కుతో ముక్క తెగేలా చిన్న చిన్న ముక్కలు కత్తిరించమనండి. ఆ ముక్కలను వేరే కాగితం మీద గీసిన గుమ్మడికాయలో అంటిస్తే అదే ఒక బొమ్మ అవుతుంది, చేతికి కావలసిన సాధనా అవుతుంది. మీ పిల్లలిద్దరిలో ఎవరిదైనా ఎడమచేతి వాటం అయితే ఎడమచేతి కత్తెర విడిగా కొనండి. మామూలు కత్తెరలో పై ఆకు కుడిచేతికి తగినట్లు అమర్చి ఉంటుంది, ఎడమచేత్తో పట్టుకుంటే గీత ఆకు వెనుక దాగిపోతుంది, కాగితం తెగకుండా మడత పడుతుంది. ఆ పిల్లవాడికి కత్తిరించడం రాదని పెద్దవాళ్లు అనుకోవడం నేను చాలాసార్లు చూశాను. అసలు లోపం కత్తెరది.

తోరణం. ఏ4 తెల్ల కాగితాన్ని పొడవునా రెండు పట్టీలు చేయండి. ఒక్కో పట్టీని విసనకర్రలా ముందుకు, వెనక్కు మడిచి నాలుగు సమాన భాగాలు చేయాలి. పై భాగం మీద ఒక బొమ్మ గీయాలి, దాని రెండు చేతులూ రెండు మడతల అంచుల దాకా వెళ్లాలి. ఆ చేతుల కొసల దగ్గర మడతను కత్తిరించకూడదు. తోరణం విడిపోయి నాలుగు ముక్కలుగా చేతికి వచ్చిందంటే కారణం ఇదే. గీసేటప్పుడే ఆ రెండు చోట్లా ఎర్ర చుక్క పెట్టి, ఎర్ర చుక్క దగ్గర కత్తెర ఆగాలని చెప్పండి, పిల్లలు బాగా గుర్తుంచుకుంటారు. ఇలాంటి పట్టీలు మూడు కలిపి అంటిస్తే దాదాపు 90 సెంటీమీటర్ల తోరణం, పన్నెండు బొమ్మలు వస్తాయి, మామూలు వాకిలికి అది చాలు. బొమ్మలు దయ్యాలే కానక్కరలేదు. గుమ్మడికాయలు చేయవచ్చు, గుడ్లగూబలు చేయవచ్చు, మీ అపార్ట్‌మెంటు పిల్లలే చేతులు పట్టుకుని నిలబడినట్లు చేసి ఒక్కో బొమ్మకు ఒక్కో ముఖం పాప చేత గీయించవచ్చు. నాకైతే ఈ చివరిదే ఎక్కువ ఇష్టం.

సాలెగూడు చేయవచ్చా అని కూడా అడిగారు. గాలిపటం కాగితం దొరికితేనే చేయండి. చదరపు కాగితాన్ని ఎప్పుడూ మధ్యబిందువు కొసగా ఉండేలా త్రికోణంగా నాలుగుసార్లు మడిస్తే 16 పొరలు అవుతాయి. ఒక మడత అంచు నుంచి మొదలుపెట్టి, రెండో అంచుకు అర సెంటీమీటరు ముందే ఆగిపోయేలా సన్నని నెలవంక ఆకారపు ముక్కలు కత్తిరించి తీసేయాలి. అన్ని పొరలు పిల్లల కత్తెరకు లొంగవు కనుక కత్తిరింపు మీరే చేయాలి, విప్పడం మాత్రం పిల్లలకు ఇవ్వండి.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ అభ్యంతరాన్ని నేను చిన్నచూపు చూడను, పండుగల రోజుల్లో వాకిట్లో ఏది ఉండాలన్నదానికి ఆవిడకు ఒక పద్ధతి ఉంది. కానీ గుమ్మడికాయ సంగతి చెబితే ఆవిడే మీకు తోడు రావచ్చు. ఐర్లండులో పూర్వం టర్నిప్ దుంపలను తొలిచి, భయపెట్టే ముఖం చెక్కి, లోపల వెలుగు పెట్టి, చెడు దగ్గరికి రాకూడదని వాకిళ్లలో, కిటికీల్లో ఉంచేవారు. 19వ శతాబ్దంలో అక్కడి నుంచి అమెరికాకు వలస వెళ్లినవారు, అక్కడ విరివిగా పండే గుమ్మడికాయలను వాడుకున్నారు. మనం ఇంటి ముందు బూడిదగుమ్మడికాయ కట్టడం, ఆయుధపూజకు బండి ముందు గుమ్మడికాయ కొట్టడం, కట్టే ఇంటికి కోరమీసాల దిష్టిబొమ్మ ముఖం తగిలించడం ఆవిడకు తెలియనివి కావు. దిష్టి గుమ్మడికాయ మీద ముఖం ఎలా వేస్తారో పిల్లలకు చూపించమని ఆవిడను అడగండి. మా దగ్గర ఒక బామ్మగారు అలా నారింజ కాయ మీద కోరమీసాలు, పెద్ద కళ్లు వేసి చూపిస్తే పిల్లలందరూ అదే ముఖం కావాలన్నారు. హాలోవీన్ తరువాతి రోజు, నవంబరు 1, క్రైస్తవులకు సకల పునీతుల పండుగ. ఆ ముందురోజు సాయంత్రం కనుక ఈ వేడుకకు ఆ తేదీ వచ్చిందని బాబుకు చెప్పవచ్చు.

భయం గురించి మీరు అడగకపోయినా చెప్పవలసిందే. నాలుగేళ్ల పిల్లలకు ముసుగు వేరు, దాని వెనుక మనిషి వేరు అన్న సంగతి తెలిసినా, ఆ క్షణంలో ఆ తెలివి నిలవదు. పాపకు ముఖం మీద కట్టే ముసుగు చేయవద్దు. కాగితపు ముఖాన్ని ఐస్‌క్రీం పుల్లకు అంటించి, కావాలనుకున్నప్పుడు ముఖానికి అడ్డుపెట్టుకుని, వద్దనుకున్నప్పుడు దించేసేలా ఇవ్వండి. చూపు అడ్డుపడదు కాబట్టి మెట్ల దగ్గర పడిపోయే ప్రమాదమూ ఉండదు. వేడుకకు ముందే అన్న ముసుగును ఆమె ఎదుటే చేయించండి, తన కళ్ల ముందు తయారైన దానికి ఆమె అంతగా బెదరదు.

వెలుగు విషయంలో రాజీ పడవద్దు. కాగితపు బొమ్మలో కొవ్వొత్తి గానీ ప్రమిద గానీ పెట్టకూడదు. బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్ఈడీ దీపాలు వాడవచ్చు, కానీ వాటిలో చాలావాటికి నాణెంలాంటి బిళ్ల బ్యాటరీ ఉంటుంది. పిల్లలు దాన్ని మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని, రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాల్చేయగలదు. స్క్రూతో బిగించే మూత ఉన్న దీపాలే కొనండి, స్క్రూ వదులుగా లేదని చూడండి, వేడుక అయ్యాక లెక్కపెట్టి వెనక్కు తీసుకోండి. పిల్లవాడు మింగాడన్న అనుమానం వచ్చినా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మిఠాయిలు పోగుచేసుకోవడానికి పిల్లలకు సంచులు కావాలి. పాత పత్రికల కాగితంతో బాబు సంచి చేయగలడు, అడుగున అట్టముక్క వేస్తే బరువు ఆగుతుంది. అచ్చు సిరా తినే వస్తువులకు అంటకూడదు కనుక పొట్లం కట్టిన మిఠాయిలే అందులో వేయనివ్వండి.

బొమ్మలను తలుపుకు అంటించేటప్పుడు వెడల్పు టేపు వాడితే తీసేటప్పుడు రంగు లేచి వస్తుంది. తలుపు పై అంచున దారం కట్టి తోరణాన్ని, గబ్బిలాలను దానికే వేలాడదీయండి. వాన జల్లు పడే కారిడారు అయితే 31 మధ్యాహ్నం దాకా అన్నీ లోపలే, ఫ్యాను గాలి తగిలే చోట ఉంచండి. నవంబరు 1న కర్ణాటక రాజ్యోత్సవానికి మీ అపార్ట్‌మెంటులో జెండా ఎగరేస్తే, పైన పసుపు, కింద ఎరుపు ఉన్న చిన్న కాగితపు జెండాలు చేయడానికి అవే కత్తెరలు, అదే బంక సరిపోతాయి. ఆ రెండు రంగుల కాగితాలు కూడా ఇప్పుడే తెచ్చుకుంటే మళ్లీ దుకాణానికి వెళ్లనక్కరలేదు.

అరగంట చొప్పున చూస్తే గుమ్మడికాయకు రెండు సాయంత్రాలు పడుతుంది, ఎందుకంటే మధ్యభాగం రాత్రంతా ఆరనివ్వాలి. గబ్బిలాలకు ఒకటి, తోరణానికి ఒకటి చాలు. ఆఫీసు పని వల్ల ఒక్క సాయంత్రమే దొరికితే తోరణం చేయించండి. దానికి ఆరవలసినదేమీ పెద్దగా లేదు, బాబు కత్తిరిస్తుంటే పాప ముఖాలు గీస్తుంది, అరగంటలో వాకిలికి కట్టేయవచ్చు.